గోడ స్టూడియోలో లేదు

ఫిలడెల్ఫియాలో పాత ఎల్పీలు అమ్మే ఒక చిన్న దుకాణానికి నెలకొకసారి వెళ్ళడం నాకు కొన్నేళ్ళుగా అలవాటు. మొన్న వెళ్ళినప్పుడు 'సోల్' (చర్చి పాటల ఒరవడిలో పెరిగిన నల్లజాతివారి సంగీతం) అని రాసి ఉన్న పెట్టెలో బాబీ కాల్డ్‌వెల్ మొదటి ఆల్బమ్ దొరికింది. 1978లో వచ్చిన ఆ ఆల్బమ్ అట్ట మీద బెంచీ మీద కూర్చున్న ఒక మనిషి నీడ మాత్రమే ఉంటుంది, ముఖం కనిపించదు. నా పక్కన రికార్డులు తిరగేస్తున్న ఒక నల్లజాతి పెద్దాయన, వయసు డెబ్బై దాటి ఉంటుంది, దాన్ని చూసి ఆగారు. అందులోని పాట తమ ఇంట్లో రెండేళ్ళపాటు మోగిందని, పాడినది తెల్లజాతి మనిషి అని ఆ తరవాతే తెలిసిందని, ఆ మాట చెబితే వాళ్ళ అక్క నమ్మనే లేదని చెప్పారు. ఆ నీడ వెనక ఉన్న కారణం అదే. మయామీలోని టీకే రికార్డ్స్ సంస్థ శ్రోతల్లో ఎక్కువమంది నల్లజాతివారు. ఆ గొంతు ఎవరిదో ముందే తెలిస్తే వారి రేడియోలో పాటకు చోటు దొరకదేమోనని సంస్థ ముఖాన్ని దాచింది. 'వాట్ యూ వోంట్ డూ ఫర్ లవ్' అన్న ఆ పాట 1979లో అమెరికా జనాదరణ పట్టికల్లో, సోల్ పట్టికలో 6వ స్థానానికి, పాప్ పట్టికలో 9వ స్థానానికి చేరింది.

అదే పెట్టెలో పది రికార్డుల వెనక ఐజ్లీ బ్రదర్స్ 1973 నాటి '3+3' ఉంది. నల్లజాతి అన్నదమ్ములు చేసిన ఆ ఆల్బమ్‌లో సీల్స్ అండ్ క్రాఫ్ట్స్ పాట ఒకటి, జేమ్స్ టేలర్ పాట ఒకటి, డూబీ బ్రదర్స్ పాట ఒకటి ఉన్నాయి, అంటే తెల్లజాతి మెత్తని రాక్ నుంచి ఏరి తెచ్చుకున్నవి మూడు. ఇక తెల్లజాతి గాయకుడు బాజ్ స్కాగ్స్ చేసిన 'సిల్క్ డిగ్రీస్' అవతలి వరసలో, రాక్ పెట్టెలో ఉంది. ఆ 1976 ఆల్బమ్‌లోని 'లోడౌన్' ఉత్తమ రిథమ్ అండ్ బ్లూస్ గీతంగా గ్రామీ అందుకుంది. ఈ మూడు రికార్డులనూ వరసగా వింటే ఒకదాని నుంచి ఇంకొకదానికి పెద్ద దూరం తెలియదు. దుకాణంలో మాత్రం వాటి మధ్య ఒక నడవ ఉంది.

ఆ నడవ గురించే ఈ వ్యాసం. కారణం, దానికి రెండు వారాల ముందు ఒక మిత్రుడి ఇంట్లో జరిగిన వాదన. కాలేజీ రోజుల నుంచి స్నేహితుడు, సంగీతం శ్రద్ధగా వినేవాడు. నేను పెట్టిన పాటలు నాలుగు విని, ఈ సాఫ్ట్ రాక్ అంతా నల్లజాతివారి సోల్‌లో నీళ్ళు కలిపి తెల్లజాతివారు అమ్ముకున్న సరుకేనని తేల్చేశాడు. ఈ మాట అతని ఒక్కడిదే కాదు. అమెరికా సంగీత చరిత్ర కొంత తెలిసిన ఎవరైనా అనే మాటే, దాని వెనక న్యాయమైన కోపం కూడా ఉంది. నేను కూడా చాలాకాలం దాన్ని సగం నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదు. ఆ కలయిక నిజమైనదేనని, అది రెండు వైపుల నుంచీ జరిగిందని, అన్యాయం మాత్రం పాటలో కాక పాటను పంచిన రేడియోలో ఉందని నా అభిప్రాయం. తప్పును పాట మీదికి నెడితే అసలు చోటు తప్పించుకుంటుంది. అంతకన్నా బాధాకరంగా, ఆ పాటలను తమ చేతులతో తయారుచేసిన నల్లజాతి వాద్యకారులు కథలోంచి మాయమైపోతారు.

వాయించిన చేతులు

1971లో నల్లజాతి సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ పాడిన 'రాక్ స్టెడీ' విన్నవారికి ఆ పాట నడుము ఎక్కడుందో తెలుసు. డ్రమ్స్ బెర్నార్డ్ పర్డీ, బేస్ గిటారు చక్ రెయినీ, ఇద్దరూ నల్లజాతివారు. ఆరేళ్ళ తరవాత, 1977లో, తెల్లజాతివారైన ఫేగన్, బెకర్ నడిపిన రాక్ బృందం స్టీలీ డ్యాన్ చేసిన 'ఏజా' ఆల్బమ్‌లో 'హోమ్ ఎట్ లాస్ట్' పాట వినండి. అరీతా వెనక ఉన్న ఆ ఇద్దరే ఇక్కడా ఉన్నారు. 1980లో అదే బృందం చేసిన 'బాబిలన్ సిస్టర్స్'లోనూ వారే. ఫేగన్, బెకర్ రాసిన మాటలు, జాజ్ నుంచి తెచ్చిన స్వరసంగతులు వారివే, ఆ ఘనత ఎవరూ కాదనరు. కానీ ఆ పాట నేల మీద నిలబడేది పర్డీ, రెయినీల కాళ్ళ మీద. నీళ్ళు కలిపారనే మాట నిజమైతే ఆ కలిపినవారు వీరే కావాలి, అరీతా దగ్గర చిక్కగా వాయించిన ఇదే ఇద్దరు ఇక్కడికొచ్చి పల్చన చేశారనుకోవాలి. విన్న చెవి దానికి ఒప్పుకోదు.

దీన్ని నేను వేళ్ళతో తెలుసుకున్నాను. చిన్నప్పుడు గుంటూరులో ఆరేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. పర్డీ పేరుతోనే ప్రసిద్ధమైన ఆ షఫిల్ నడక మొదటిసారి శ్రద్ధగా విన్నప్పుడు నాకు ముందు తోచింది తిశ్ర గతి. నాలుగు దెబ్బల ఆవృత్తం, ప్రతి దెబ్బలోనూ ఒక 'తకిట'. కుడిచెయ్యి హై-హ్యాట్ అనే తాళాల జత మీద 'త', 'ట' అక్షరాలను పలికిస్తుంది. మధ్యనున్న 'కి'ని ఎడమచెయ్యి స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద తాకీ తాకనట్టు వేస్తుంది. మూడో దెబ్బ మొదట్లో మాత్రం ఆ ఎడమచెయ్యే గట్టిగా పడుతుంది. వంటింటి బల్ల మీద రెండు చేతుల వేళ్ళతో దీన్ని సాధన చేయడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. కష్టం ఆ గట్టి దెబ్బలో లేదు, దాని వెంటనే వచ్చే 'కి'ని మళ్ళీ పీలగా వేయడంలో ఉంది. అంత బలంగా పడిన చెయ్యి మరుక్షణం ఈకలా పడాలి. వినపడకూడదు, లేకపోతే మాత్రం లోటు తెలియాలి. మా గురువుగారు తిశ్రంలో మధ్య అక్షరం గురించి ఇంచుమించు ఇదే చెప్పేవారు. ఈ నడక మెత్తగా వినిపిస్తుందంటే అందులో బలం తగ్గిందని కాదు, ఆ బలాన్ని అంత అదుపులో పట్టుకున్న చెయ్యి ఉందని.

1982లో టోటో అనే తెల్లజాతి రాక్ బృందం చేసిన 'రోసానా' పాటకు జెఫ్ పోర్కారో వాయించిన డ్రమ్స్ ఈ నడకకు బిడ్డ. 'హోమ్ ఎట్ లాస్ట్'లో పర్డీ వాయించినదాన్ని, లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ నడకను, నల్లజాతి గిటారు వాద్యకారుడు బో డిడ్లీ లయను కలిపి దాన్ని తయారుచేసుకున్నానని పోర్కారో దాపరికం లేకుండా చెప్పాడు. దొంగతనం చేసినవాడు ఇలా పేరు పెట్టి చెప్పడు. మన సంప్రదాయంలో ఫలానా వారి బాణీ అని చెప్పుకుని వాయించడానికి ఎంత గౌరవం ఉందో, ఆ మాటలోనూ అంత గౌరవం నాకు వినిపించింది.

ఎదురు దారి

ఇంకో సంగతి, ఈ రాకపోకలు ఒకవైపు నుంచే సాగలేదు. 'సమ్మర్ బ్రీజ్' పాటను సీల్స్ అండ్ క్రాఫ్ట్స్ 1972లో చేశారు. మరుసటి ఏడాది ఐజ్లీలు దాన్ని తీసుకున్నారు. మొదటిది వేసవి సాయంత్రం వాకిట్లో కూర్చున్న హాయి. ఐజ్లీల పాటలో రాన్ ఐజ్లీ గొంతు ప్రతి మాటనూ సాగదీసి, ఆపి, మళ్ళీ అందుకుంటుంది. చివర్లో ఎర్నీ ఐజ్లీ గిటారు ఎత్తుకుని పోతుంది, ఇక మాటల అవసరం ఉండదు. ఆ గిటారు ఏ రాక్ బృందంలోని గిటారుకూ తీసిపోదు. అసలు పాటను మించిపోయిందని నా నమ్మకం, అయితే అసలు పాట లేకపోతే ఇదీ లేదు.

1979లో నల్లజాతి బృందం ఎర్త్ విండ్ అండ్ ఫైర్ పాడిన 'ఆఫ్టర్ ద లవ్ హ్యాజ్ గాన్' సోల్ పట్టికలోనూ పాప్ పట్టికలోనూ 2వ స్థానానికి చేరి, ఉత్తమ రిథమ్ అండ్ బ్లూస్ గీతంగా గ్రామీ పొందింది. రాసినవారు డేవిడ్ ఫాస్టర్, జే గ్రేడన్, బిల్ చాంప్లిన్, ముగ్గురూ తెల్లజాతివారు. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' (1982) స్టూడియోలో టోటో బృందంవారు నిండి ఉన్నారు. 'హ్యూమన్ నేచర్' బాణీ వారిలో ఒకడైన స్టీవ్ పోర్కారోది. డూబీ బ్రదర్స్ తరఫున మైకేల్ మెక్‌డొనాల్డ్ పాడిన 'వాట్ ఎ ఫూల్ బిలీవ్స్' 1979లో పాప్ పట్టికలో మొదటి స్థానంలో నిలిస్తే, మరుసటి ఏడాది అరీతా ఫ్రాంక్లినే దాన్ని తన ఆల్బమ్‌లో పాడింది. ఎవరి చప్పట్లూ అవసరం లేని అరీతా ఒక పాటను ఎంచుకుందంటే, ఆ పాటలో తనకు పనికొచ్చేది ఏదో ఉందనే అర్థం.

మెత్తదనం ఎవరి సొత్తు

నా మిత్రుడి వాదనలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన భాగం ఒకటుంది. 1971లో నల్లజాతి సోల్ గాయకుడు మార్విన్ గే యుద్ధం గురించి, పోలీసు దెబ్బల గురించి, పేదరికం గురించి ఒక ఆల్బమ్ నిండా పాడాడు. అదే ఏడాది ఐజ్లీ బ్రదర్స్, కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల మీద జరిగిన కాల్పుల గురించి నీల్ యంగ్ రాసిన 'ఒహాయో'ను తమ గొంతుతో మళ్ళీ పాడారు. దశాబ్దం చివరికి వచ్చేసరికి ఇటూ అటూ అందరూ విరిగిన మనసుల గురించీ, అర్ధరాత్రి ఒంటరితనం గురించీ పాడుతున్నారు. రికార్డింగ్ అద్దంలా నునుపు తేలింది, వీధి మాత్రం పాటలోంచి వెళ్ళిపోయింది. ఈ నష్టం నిజం. చర్చిలో గొంతు పగిలేలా పిలిచే ఆ పిలుపు కూడా చాలా పాటల్లో సన్నబడింది. దీన్ని నేను కాదనలేను.

కానీ ఆ మెత్తదనాన్ని తెల్లజాతి రాక్ పట్టుకొచ్చి సోల్ మీద రుద్దిందనడం మాత్రం చరిత్రకు నిలవదు. నల్లజాతి సోల్ గాయకుడు స్మోకీ రాబిన్సన్ 'ఎ క్వైట్ స్టార్మ్' ఆల్బమ్ 1975లో వచ్చింది. మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో, నల్లజాతివారి విద్యాకేంద్రమైన హోవర్డ్ విశ్వవిద్యాలయం నడిపే డబ్ల్యూహెచ్‌యూఆర్ రేడియోలో మెల్విన్ లిండ్సీ రాత్రిపూట నెమ్మదైన పాటలతో ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. దానికి ఆ ఆల్బమ్ పేరే స్థిరపడింది, తరవాత దేశమంతటా నల్లజాతి రేడియోలో అదొక పద్ధతిగా పాదుకుంది. పగలంతా పనిచేసి ఇంటికొచ్చి దీపం తగ్గించుకుని వినే సంగీతం అది. అలసిన మనిషికి హాయి కావాలనిపించడం ఏ జాతికీ లోపం కాదు. నల్లజాతివారు ఎప్పుడూ గర్జిస్తూనే ఉండాలని, మెత్తగా పాడితే అది వారిది కాకుండా పోతుందని అనుకోవడంలో, అలా అనుకునేవారి ఉద్దేశం ఎంత మంచిదైనా, ఒక అన్యాయం దాగి ఉందని నాకనిపిస్తుంది.

తెల్లజాతివారు పాడే సోల్‌కు పెట్టిన 'నీలికళ్ళ సోల్' అన్న పేరు గురించి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఫిలడెల్ఫియాకు దగ్గరలోని పాట్స్‌టౌన్‌లో పెరిగి, ఫిలడెల్ఫియా సోల్ స్టూడియోల్లోనే పని నేర్చుకున్న, హాల్ అండ్ ఓట్స్ జంటలోని తెల్లజాతి గాయకుడు డారిల్ హాల్‌కు ఈ పేరంటే గిట్టదు, ఆ సంగతి ఆయన చాలాసార్లు చెప్పారు. ఆయన అభ్యంతరం నాకు సబబుగానే తోస్తుంది. గొంతుకు కళ్ళ రంగు ఏమిటి? అయినా, ఆ పేరు పుట్టింది నల్లజాతి రేడియోలోనేనని, అప్పట్లో అది మెచ్చుకోలేనని గుర్తుంచుకుంటే ఆ మాట మీద కోపం కొంత తగ్గుతుంది.

గోడ ఉన్న చోటు

ఆల్బమ్ ఓరియెంటెడ్ రాక్, క్లుప్తంగా ఏఓఆర్, మొదట సంగీతానికి పేరు కాదు, ఒక రేడియో పద్ధతికి పేరు. 1970ల మొదట్లో ఎఫ్ఎమ్ రేడియోలో డిస్క్ జాకీ తనకు నచ్చినది వేసేవాడు, ఒకే గంటలో రాక్ తరవాత సోల్, దాని తరవాత జాజ్ వచ్చేవి. లీ అబ్రామ్స్ వంటి సలహాదారులు శ్రోతల అభిరుచిని సర్వే చేసి, ఏ పాటలు వేయాలో జాబితా కట్టి ఇచ్చే పద్ధతిని ఊరూరా అమ్మారు. స్టీలీ డ్యాన్, బాజ్ స్కాగ్స్, డూబీ బ్రదర్స్ ఆ జాబితాల్లో ఉన్నారు. ఐజ్లీలకు, ఎర్త్ విండ్ అండ్ ఫైర్‌కు అక్కడ చోటు దొరకడం అరుదు. అంటే పర్డీ డ్రమ్స్ స్టీలీ డ్యాన్ పేరు మీద ఏ రేడియోలో నిక్షేపంగా మోగాయో, ఆ రేడియోలోనే అరీతా పేరు మీద మోగడానికి వీల్లేదు. చెయ్యి అదే, లయ అదే, అట్ట మీది ముఖం మారింది.

శ్రోతలు అడిగిందే మేం ఇచ్చాం అన్నది రేడియోవారి సమాధానం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, ఎందుకంటే వ్యాపారంలో అది నిజమైన ఒత్తిడే. అయితే అవతలి పక్క చూడండి. హాల్ అండ్ ఓట్స్ పాడిన 'ఐ కాంట్ గో ఫర్ దట్' 1982 మొదట్లో పాప్ పట్టికలోనే కాదు, నల్లజాతి శ్రోతల పట్టికలోనూ మొదటి స్థానానికి చేరింది. తెల్లజాతి గాయకులకు చోటిస్తే మనవాళ్ళకు ఆ మేరకు చోటు తగ్గుతుందన్న న్యాయమైన భయం ఉన్న చోట కూడా పాట బాగుంటే తలుపు తెరుచుకుంది. రాక్ శ్రోతలకు మాత్రం ఆ అవకాశమే రాలేదు. వినిపించని పాటను శ్రోత ఎలా అడుగుతాడు? సర్వేలో అడిగింది కూడా అప్పటికే వినిపిస్తున్న పాటల గురించే కదా.

1979 జులై 12న చికాగోలోని కొమిస్కీ పార్కులో రాక్ డిస్క్ జాకీ స్టీవ్ డాల్ ఆధ్వర్యంలో డిస్కో రికార్డులను పేల్చేసిన సంగతి చాలామందికి తెలుసు. ఆ రోజు స్టేడియంలో ప్రేక్షకులకు సీట్లు చూపే పనిలో ఉన్న నల్లజాతి కుర్రాడు విన్స్ లారెన్స్, తరవాతి కాలంలో హౌస్ అనే నృత్య సంగీతానికి ఆద్యుల్లో ఒకడయ్యాడు. జనం తెచ్చి పడేసిన రికార్డుల్లో డిస్కోతో సంబంధం లేని నల్లజాతి గాయకులవి కూడా ఉన్నాయని అతను చెప్పాడు. జాబితాలు ఏళ్ళ తరబడి ఒక గీత గీసి పెడితే, గీతకు అవతల ఉన్నదంతా వినేవారి కంటికి ఒకటే అయిపోతుంది. 1981 ఆగస్టులో మొదలైన పాటల వీడియోల ఛానెల్ ఎంటీవీ కూడా ఆ గీతనే అరువు తెచ్చుకుంది. 1983లో ఇంగ్లండ్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ ఆ ఛానెల్ కెమెరా ముందే కూర్చుని, నల్లజాతి కళాకారులు ఇంత తక్కువగా ఎందుకు కనిపిస్తున్నారని అడిగాడు. ఛానెల్ తరఫున వచ్చిన సమర్థన, తమది రాక్ ఛానెల్ అన్నదే.

డబ్బు దారి

రేడియో చేసిన రెండో అన్యాయం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అమెరికాలో ఏఎమ్, ఎఫ్ఎమ్ రేడియోలు ఒక పాట వేసినప్పుడు రాసినవారికి, ప్రచురణకర్తకు డబ్బు వెళుతుంది. పాడినవారికి, వాయించినవారికి ఏమీ వెళ్ళదు. ఐజ్లీల 'సమ్మర్ బ్రీజ్' ఎఫ్ఎమ్‌లో మోగితే డబ్బు సీల్స్, క్రాఫ్ట్స్‌ల రచనా హక్కుకు చేరుతుంది. ఎర్నీ గిటారుకు దమ్మిడీ రాదు. ఈ నియమం చర్మం రంగు చూసి పెట్టింది కాదు. 1975లో జేమ్స్ టేలర్ 'హౌ స్వీట్ ఇట్ ఈజ్' పాడితే, దాన్ని మార్విన్ గే కోసం రాసిన నల్లజాతి రచయితలు హాలండ్, డోజియర్, హాలండ్‌లకు డబ్బు అందింది, పాడిన టేలర్‌కు రేడియో నుంచి రాలేదు. ఆ మాట చెప్పకపోతే నా వాదన ఒంటికంటి వాదన అవుతుంది.

అయినా ఒక పాట ప్రయాణం చూస్తే నష్టం ఎవరి వైపు పేరుకుందో అర్థమవుతుంది. 'ఐ కీప్ ఫర్గెటింగ్' అన్న పాటను 1962లో నల్లజాతి గాయకుడు చక్ జాక్సన్ పాడాడు. రచన లీబర్, స్టోలర్‌లది, ఇద్దరూ తెల్లజాతివారు. 1982లో మైకేల్ మెక్‌డొనాల్డ్ ఎడ్ శాన్‌ఫర్డ్‌తో కలిసి దాదాపు అదే పల్లవి ఎత్తుగడతో ఒక పాట చేశాడు. పోలిక కారణంగా లీబర్, స్టోలర్‌ల పేర్లు కూడా చేర్చారు. 1994లో వారెన్ జీ ఆ పాట ముక్క మీద తన ర్యాప్ కట్టాడు. ప్రతి మలుపులోనూ రాసినవారి బాకీ తీరింది, తీరడం న్యాయమే. కానీ ఆ ఎత్తుగడకు మొదట ప్రాణం పోసిన చక్ జాక్సన్ గొంతుకు ఆ లెక్కలో చోటు లేదు. పర్డీ నడకకైతే హక్కు పత్రమే లేదు, లయ మీద హక్కు ఎవరు రాసిస్తారు? ఇంటర్నెట్ ప్రసారాలకు మాత్రం 1995 తరవాత చట్టం మారి గాయకులకు, వాద్యకారులకు కొంత వాటా వచ్చింది. ఎఫ్ఎమ్ రేడియోలో పాత నియమమే నడుస్తోంది. మన సినిమా పాటల కేసెట్ల మీద కూడా వీణ ఎవరిదో, తబలా ఎవరిదో చూసిన గుర్తు నాకు లేదు. అందుకే ఈ బాధ నాకు కొత్తగా, పరాయిగా అనిపించలేదు.

పోయిన ఆదివారం మిత్రుడు మా ఇంటికి వచ్చాడు. భోజనాలయ్యాక 'హోమ్ ఎట్ లాస్ట్' పెట్టి, మాటలు వదిలేసి బేస్ గిటారు ఒక్కటే వినమన్నాను. పాట అయ్యేదాకా కదలకుండా విన్నాడు. నీళ్ళు కలిపారన్న మాట వెనక్కి తీసుకోలేదు, రికార్డు కంపెనీల లాభాల సంగతి ఏమిటని మళ్ళీ అడిగాడు; ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ తరవాత 'ఏజా' కవరు తీసుకుని పాటపాటకీ ఎవరెవరు వాయించారో వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. పక్కనే బల్ల మీద అరీతా 'యంగ్, గిఫ్టెడ్ అండ్ బ్లాక్' ఆల్బమ్ ఉంది, 'రాక్ స్టెడీ' ఉన్నది అందులోనే. కాసేపటికి దాన్నీ తిప్పి చూసి, "ఒరేయ్, ఈ రెయినీ ఇందులోనూ ఉన్నాడు" అన్నాడు. నేను లేచి ఆ రికార్డు పెట్టాను.